కాదనువారు లేని భయము

పండ్ల డబ్బా నొకదానిని తెరచుటకు హోవర్డ్ హ్యూస్ తన పరిచారకులకు వ్రాసి యిచ్చిన ఆజ్ఞలను చదివినవారికి, అది శస్త్రచికిత్సకు ముందటి సన్నాహమో యని తోచును: డబ్బాకు అంటించిన కాగితమును ముందుగా నానబెట్టి ఊడదీయవలెను; పై అంచునకు రెండంగుళముల దిగువనుండి, సబ్బునురుగుతో, ధూళికణమైనను మిగులనంతవరకు మరల మరల తోమవలెను. వేరొక ఆజ్ఞప్రకారము, స్నానపుగది తలుపు పిడిని తాకుటకు పలుచని కాగితపు రుమాళ్లు ఆరో ఎనిమిదో పొరలుగా చేతికి అడ్డుండవలెను. మన యిండ్లలో ఇట్టిదానిని చాదస్తమని నవ్వి ఊరకుందురు, అనుభవించువానికది నరకము.

1905లో టెక్సాసు రాష్ట్రమున జన్మించిన ఈతనికి తల్లి అంటురోగముల భయమును ఉగ్గుపాలతో రంగరించి పోసెను. తండ్రి, చమురుబావులు త్రవ్వు బరమామొనపై గడించిన అపారధనమును విడిచిపోయెను. పందొమ్మిదేండ్లు నిండకమునుపే ఇరువురును గతించిరి. 1938లో 91 గంటలలో విమానముపై భూగోళమును చుట్టివచ్చిన ఆ సాహసి, 1946లో తాను పరీక్షించుచున్న విమానము బెవర్లీ హిల్స్ ఇండ్లపై కూలగా, ఎముకలు విరిగి, ఒడలు కాలి, ఎట్టులో బ్రదికెను; ఆ బాధకై మొదలైన మత్తుమందులు మరి వదలలేదు.

మొదట చెప్పిన ఆ మురికిభయపు లక్షణములను నేటి వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు. కనుగుంటలకు పైనున్న మస్తిష్కభాగమునకును, లోతున నుండు కాడేట్ కేంద్రకమునకును నడుమ తిరుగు నాడీవలయము అతిగా చురుకెక్కి, కీడింకను మిగిలియున్నదను హెచ్చరికను ఆపకుండుటయే దీనికి మూలమని పరిశోధకుల భావన. చేయి కడిగిన క్షణమున భయము తగ్గును. తగ్గినందువలననే, కడుగుటయే తన్ను కాపాడినదని మనస్సు నేర్చుకొనును. మరునాటి భయము మరికొంత కోరును. చికిత్స దీనికి విపరీతము: మురికిని తాకించి, కడుగనీయక, భయము తనంత తాను శాంతించువరకు రోగిచెంత ఓపికతో కూర్చుండవలెను. ఇట్టి చికిత్సాఫలితములను విక్టర్ మేయర్ లండనునుండి 1966లో ప్రకటించెను. ఆ యేడాది నవంబరులోనే హ్యూస్ లాస్ వెగాస్ నగరమున డెసర్ట్ ఇన్ హోటలు పై అంతస్తు చేరి, గది కిటికీలు మూయించుకొని, నాలుగేండ్లు గడపెను. ఖాళీ చేయుడని యజమానులు కోరగా హోటలునే కొనివేసెను.

నా మనస్సును కలచునది ఈ కొనుగోలే. సామాన్యుని భయమునకు లోకము అడ్డు తగులును: ఇల్లాలు విసుగుకొనును, పనికి వేళ మించును, సబ్బుకు డబ్బు చాలదు. ఈతని భయమునకో, జీతగాండ్రు రేయింబవళ్లు కొలువు చేసిరి; చేసిన ప్రతి కొలువును దానిని మరింత బలిపించెను. మత్తుమందును అందించినవారును ఆ కొలువులోనివారే. 1976 ఏప్రిల్ 5న అకపుల్కోనుండి హ్యూస్టనునకు విమానములో కొనిపోవుచుండగా మరణించిన ఆ ఆరడుగుల నాలుగంగుళముల మనిషి బరువు ఇంచుమించు 41 కిలోలు. ఎక్స్‌రే చిత్రములలో, చేతుల చర్మము క్రింద, విరిగిన సూదిమొనలు కనబడెను.