రాత్రి పాలలో ఏముంది?

రాజమహేంద్రవరం పక్కన ధవళేశ్వరంలో తయారయ్యే హార్లిక్స్‌ను తెలుగు ఇళ్లలో పొద్దున్నే కలుపుతారు. బడికెళ్లే పిల్లలకు బలం, ఎత్తు, మార్కులు అంటూ దాని ప్రకటనలు ఊదరగొట్టాయి. బ్రిటన్‌లో మాత్రం తరాల తరబడి దాన్ని పడుకోబోయే ముందు తాగారు. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు 1873లో షికాగోలో మొదలుపెట్టిన వ్యాపారం ఇది. 1930లలో బ్రిటిష్ పత్రికల్లో ఈ పానీయం పేరిట ‘రాత్రి ఆకలి’ అనే జబ్బు ప్రచారంలోకి వచ్చింది. నిద్రలో ఒంటికి తిండి అందక మనిషి అలసిపోయి లేస్తాడట, గ్లాసెడు హార్లిక్స్ తాగి పడుకుంటే ఆ బాధ ఉండదట. వైద్యశాస్త్రంలో అలాంటి జబ్బేదీ లేదు. అయినా అక్కడ అది నిద్ర పానీయంగా స్థిరపడింది, ఇక్కడ నిద్రమత్తు వదిలించి బడికి పంపే పానీయమైంది. మాల్టు, గోధుమ, పాలపొడి ప్రధానంగా రెండుచోట్లా అవే. ఒకే పొడి ఒక దేశాన్ని పడుకోబెట్టి, మరో దేశాన్ని లేపుతోందంటే పొడికి తోడు ఇంకేదో పనిచేస్తున్నట్టే.

ఇప్పుడు కెఫేల మెనూల్లోనూ ఆన్‌లైన్ దుకాణాల్లోనూ కనిపిస్తున్న ‘గోల్డెన్ లాటే’, ‘మూన్ మిల్క్’ల గురించి ఆలోచించడానికి ఈ పాత కథ పనికొస్తుంది. మనం జలుబు చేస్తే ముక్కు మూసుకుని తాగిన పసుపు పాలు 2016 ప్రాంతంలో పాశ్చాత్య నగరాల్లో టర్మరిక్ లాటేగా ఫ్యాషనై, కొత్త పేరుతో, కొత్త ధరతో తిరిగొచ్చాయి. అశ్వగంధ, జాజికాయ, కుంకుమ పువ్వు కలిపిన ‘మూన్ మిల్క్’ పొట్లాలు హాయిగా నిద్రపుచ్చుతామని చెబుతున్నాయి. పడుకునే ముందు తాగే వెచ్చటి గ్లాసు నిద్రకు మేలే చేస్తుంది. కానీ పొట్లం మీద రాసిన కారణాల వల్ల కాదు. అసలు కారణం తెలిస్తే ఆ ధరా తప్పుతుంది, కొంత ప్రమాదమూ తప్పుతుంది.

ముందు పాల సంగతి చూద్దాం. పాలలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, మెదడు దాని నుంచి సెరటోనిన్‌ను, సెరటోనిన్ నుంచి నిద్ర హార్మోను మెలటోనిన్‌ను తయారుచేసుకుంటుంది, కాబట్టి పాలు తాగితే నిద్ర వస్తుంది అన్నది అందరూ విన్న వాదన. ఇందులో ప్రతి మెట్టూ నిజమే, తేడా కొలతల్లో ఉంది. ఒక కప్పు పాలలో ఉండే ట్రిప్టోఫాన్ సుమారు 100 మిల్లీగ్రాములు. నిద్ర మీద ప్రభావం కనిపించిన ప్రయోగాల్లో ఎక్కువగా ఇచ్చింది ఒక గ్రాము, ఆపైన. పైగా పాల ప్రొటీన్‌లోని మిగతా అమైనో ఆమ్లాలు కూడా అదే దారిలో మెదడుకు చేరాలి. ఇరుకు గుమ్మం ముందు గుంపులో చిక్కుకున్న ఒంటరి మనిషి పరిస్థితి ట్రిప్టోఫాన్‌ది. జాన్ ఫర్న్‌స్ట్రామ్, రిచర్డ్ వర్ట్‌మన్ 1970ల తొలినాళ్లలో ఎలుకల మీద చేసిన పనిలో, పిండిపదార్థం తిన్నాక ఇన్సులిన్ పెరిగి ఆ గుంపు పలచబడి, ట్రిప్టోఫాన్‌కు దారి దొరుకుతుందని తేలింది. ఆ లెక్కన రాత్రి పెరుగన్నం తిన్నవారికి అందేంతే లాటే తాగినవారికీ అందుతుంది.

వెచ్చదనం మాటేమిటి? పడుకునే ముందు గంటా రెండు గంటల్లో 40 నుంచి 42 డిగ్రీల వేడి నీళ్లతో స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుందని 2019లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. చర్మానికి రక్తం పారి, లోపలి వేడి బయటికి పోయి, ఒళ్లు చల్లబడటం దాని కిటుకు. ఇదే ఫలితాన్ని గ్లాసుకు అంటగట్టడం కుదరదు. 55 డిగ్రీల వేడితో 200 మిల్లీలీటర్ల పాలు తాగితే 60 కిలోల మనిషి ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో పదోవంతు కూడా పెరగదు, లెక్క వేసి చూసుకోవచ్చు. పసుపు లెక్క ఇంకా చిన్నది. పావు చెంచా పసుపులో, దాని గుణాలకు మూలమని చెప్పే కర్క్యుమిన్ 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మిరియాల్లోని పైపరిన్ తోడైతే కర్క్యుమిన్ ఒంటికి 20 రెట్లు ఎక్కువగా అందుతుందని 1998లో చెప్పిన బెంగళూరు పరిశోధకులు, మనుషులకిచ్చిన కర్క్యుమిన్ రెండు గ్రాములు. అంటే మన గ్లాసులో పడేదానికి వందరెట్లు. మిరియం వేస్తే అంతా ఒంటబడుతుందని పొట్లాల మీద కనిపించే మాటకు మూలం ఈ ప్రయోగమే. దుగ్గిరాల పసుపైనా నిజామాబాద్ పసుపైనా రుచికి, రంగుకు వేసుకోవడంలో ఆక్షేపణ లేదు. నిద్రను మాత్రం దాని ఖాతాలో వేయకూడదు.

అశ్వగంధను మాత్రం ఒక్క మాటతో తోసిపుచ్చలేం. పెన్నేరుగడ్డగా మన పల్లెలకూ తెలిసిన ఈ వేరు మీద నిజమైన పరీక్షలు జరిగాయి. 2021లో వెలువడిన ఒక విశ్లేషణ అయిదు ట్రయల్స్‌ను, మొత్తం 400 మందిని కలిపి చూసి, నిద్ర మీద చిన్నదే అయినా స్పష్టమైన మేలు ఉందని తేల్చింది. రోజుకు 600 మిల్లీగ్రాములు, ఆపైన సారాన్ని ఎనిమిది వారాలు, అంతకుమించి వాడినవారిలోనే, ముఖ్యంగా నిద్రలేమి ఉన్నవారిలో, ఆ మేలు ఎక్కువగా కనిపించింది. ఇక్కడే లాటే వాదన తిరగబడుతుంది. ఒకరాత్రి తాగే గ్లాసుకు ఈ సాక్ష్యం వర్తించదు, ఎందుకంటే పరీక్షించింది వారాల తరబడి కొలతగా వేసుకునే మందును. నిజంగా ఆ కొలతలో వేసుకుంటే మందుకుండే చిక్కులూ వెంట వస్తాయి. ఐస్‌లాండ్‌లోనూ అమెరికాలోనూ అశ్వగంధ మాత్రలు వాడినవారిలో కొందరికి కామెర్లతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఆకులు వాడవద్దని 2021లో తయారీదారులకు సూచించింది. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవారు, కాలేయ సమస్యలున్నవారు దీని జోలికి పోకూడదు. కొలత చాలకపోతే పనిచేయనిది, చాలితే డాక్టరును అడగాల్సినది కెఫే మెనూలో ఉండాల్సిన సరుకేనా?

జాజికాయ మన వంటింటి పాత కాపు. పాలలో గీసి వేసే చిటికెడుతో హానీ లేదు, నిద్ర వస్తుందనడానికి గట్టి సాక్ష్యమూ లేదు. చిటికెడుతో రాని నిద్ర చెంచాలతో వస్తుందనుకుంటేనే ముప్పు. అయిదు గ్రాముల దాకా వెళితే అందులోని మిరిస్టిసిన్ వల్ల వాంతులు, గుండెదడ, భ్రాంతులు కలిగిన సంఘటనలు ఉన్నాయి. గసగసాల పాలు కమ్మగా ఉంటాయి, నానబెట్టి రుబ్బి పోస్తే లాటేకు చక్కటి చిక్కదనమూ వస్తుంది. కాకపోతే వాటిని సూట్‌కేసులో పెట్టుకుని దుబాయ్ విమానం ఎక్కవద్దు. అక్కడ అవి నిషిద్ధ సరుకు.

మరి మేలు ఎక్కడి నుంచి వస్తోంది? ఎడింబరోలో 1972లో ఇయాన్ ఆస్వాల్డ్ బృందం పడుకునే ముందు హార్లిక్స్ పాలు ఇచ్చి నిద్రను రాత్రంతా యంత్రంతో నమోదు చేసింది. వయసు మళ్లినవారిలో రాత్రి చివరి గంటల నిద్ర తెగకుండా సాగింది. అక్కడితో ఆగితే పొడికి విజయమే. అదే బృందానికి చెందిన కిర్‌స్టీన్ ఆడమ్ 1980లో ఇంకో కోణం నుంచి చూశారు. పడుకోబోయే ముందు ఎవరికి ఏ అలవాటు ఉందో దానికి దగ్గరగా ఉన్న రాత్రే వారు బాగా నిద్రపోయారని తేలింది. రాత్రి ఏమీ తీసుకోని అలవాటున్నవారికి ఏమీ ఇవ్వకపోవడమే మేలైంది. హార్లిక్స్ బ్రిటన్‌లో ఎందుకు నిద్రపుచ్చిందో, మన ఇళ్లలో ఎందుకు పుచ్చలేదో దీంతో తెలిసిపోతుంది. రోజూ అదే వేళకు, అదే క్రమంలో జరిగే చిన్న పని ఒంటికి నిద్రవేళ అయిందన్న కబురు పంపుతుంది. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం నిద్ర పట్టనివారికి చెప్పే ఉపాయాల్లో పాలు ఉన్నాయి, నిజమే. కానీ వాటి చుట్టూ నూనెతో మర్దన, స్నానం, మనసుకు నచ్చే పరిమళాలు, మెత్తటి పడక, అలవాటైన వేళ కూడా ఉన్నాయి. సంప్రదాయం పేరు చెప్పి అమ్మేవాళ్లు ఆ జాబితాలోంచి పాలను ఒక్కదాన్నే తీసుకుని, సీసాలో పట్టని మిగతావి వదిలేశారు.

లాటే చేసే ఇంకో మేలు గురించి ఎవరూ ప్రకటన ఇవ్వరు. అది రాత్రి టీ, కాఫీల స్థానాన్ని ఆక్రమిస్తుంది. పడుకునే వేళకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక ప్రయోగం చూపింది. మన ఫిల్టర్ కాఫీ అంత ఘాటు కాకపోయినా, రాత్రి తొమ్మిదింటి కప్పు ఆరు గంటల ముందుది కూడా కాదు. ఆ కప్పు మానేయడానికి పసుపు పాలు సాయపడితే అంతకంటే పెద్ద ఔషధగుణం అక్కర్లేదు. మాచా (గ్రీన్ టీ పొడి), చాక్లెట్ కలిపిన ‘నిద్ర లాటే’లకు ఈ మేలూ ఉండదు, వాటిలోనే కెఫీన్ ఉంది.

ఇదంతా వట్టి నమ్మకం మీద నడిచే వ్యవహారమేనా అని ఎవరైనా నిలదీయవచ్చు. కొంతమేరకు అవును. దానికి సిగ్గుపడాల్సింది లేదు. హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్‌చక్ 2010లో, ఇది మందులేని మాత్ర అని ముందే చెప్పి ఇచ్చినా పేగుల సమస్య ఉన్నవారికి ఉపశమనం కలిగిందని చూపారు. నిద్ర అంతకంటే మనసుకు లొంగే విషయం. తరతరాలుగా పెద్దవాళ్లు పాలిచ్చి పడుకోబెట్టారు కదా, అదంతా తప్పా అన్నది ఇంకో అభ్యంతరం. వాళ్లు ఇచ్చింది పాలు మాత్రమే కాదు. దీపం తగ్గించి, మాటలు తగ్గించి, రోజూ ఒకే వేళకు ఇచ్చారు. గ్లాసు పట్టుకున్న చేతిలోనే ఫోను కూడా వెలుగుతుంటే పాలు వాళ్లవే, పద్ధతి వాళ్లది కాదు. మరి వేడినీళ్లు తాగినా చాలదా అంటే, పాలు పడనివారికి నిస్సందేహంగా చాలు. ఆ సంఖ్య మనలో తక్కువేమీ కాదు, కడుపు ఉబ్బరంతో ఎవరికీ నిద్ర రాదు.

ఇక చేసే పద్ధతి. 150 మిల్లీలీటర్ల పాలలో అరకప్పు నీళ్లు పోసి సన్నసెగ మీద పెట్టండి. పావు చెంచా పసుపు, రెండు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, ఒక యాలక్కాయ, జాజికాయ చిటికెడు వేసి, పోసిన నీళ్లు దాదాపు ఇగిరేదాకా కాగనివ్వండి. పసుపు పచ్చివాసన పోవాలంటే ఆ మాత్రం మరగాల్సిందే. నేతిచుక్క వేస్తే గొంతుకు మెత్తగా ఉంటుంది. బెల్లం కావాలంటే దించాకే కలపాలి, పొయ్యి మీదుండగా వేస్తే పాలు విరుగుతాయి. అదీ అరచెంచాకు మించకుండా. కెఫే గ్లాసులో తీపి ఎన్ని చెంచాలో అడిగితే మధుమేహులు ఆర్డరు వెనక్కి తీసుకుంటారు. నురగ కోసం యంత్రం కొననవసరం లేదు, రెండు గ్లాసుల మధ్య ఎత్తు నుంచి నాలుగుసార్లు తిరగబోస్తే చాలు. పడకెక్కడానికి గంటన్నర ముందే తాగేయండి. రాత్రిళ్లు మూత్రానికి లేచే పెద్దవాళ్లు, గుండెమంట ఉన్నవాళ్లు సగం గ్లాసుతో సరిపెట్టుకోవాలి, లేదా మానేయాలి.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలల పాటు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి కిందికి వస్తుంది. దానికి మాత్రల కంటే ముందు నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారు అంతకాలం కూడా ఆగకూడదు. వాళ్లకు లాటే కలిపి ఇవ్వకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.