టంకశాల తప్పా, దారిలో దెబ్బా?

1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో నేలకొరిగాడు. అదే 1794 అంకె వేసుకుని కొన్ని రాగి నాణేలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పక్కన సోహో టంకశాలలో పుట్టాయి. వాటిని చేయించింది ఉత్తర సర్కారుల కోసం, అంటే చికాకోలు మొదలుకుని గుంటూరు దాకా ఉన్న సీమ కోసం. ఒకవైపు కంపెనీ చిహ్నం, రూపాయికి నలభై ఎనిమిది అని చెప్పే ఇంగ్లిషు అక్షరాలు. ఇప్పటి శ్రీకాకుళం అప్పటి చికాకోలే కాబట్టి, ఈ ప్రాంతపు చేతుల్లోకి యంత్రం కొట్టిన డబ్బు చాలా ముందే వచ్చిందన్నమాట.

ఆ యంత్రం మాథ్యూ బౌల్టన్‌ది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని నాణేల ప్రెస్సుకు బిగించి, 1788లో ఆయన సోహో టంకశాల మొదలుపెట్టాడు. బిళ్ళ చుట్టూ గట్టి ఉక్కు వలయం, అంటే కాలర్ పెట్టి కొట్టడం అక్కడి పనితనంలో ముఖ్యమైన భాగం. అచ్చు దిగినప్పుడు లోహం పక్కలకు పాకకుండా కాలర్ ఆపుతుంది. ప్రతి నాణెమూ ఒకే కొలతలో, ఒకే గుండ్రదనంతో బయటికొస్తుంది.

అంతకుముందు మన సీమలో ఇదంతా సుత్తి పని. వంశధార ఒడ్డున ముఖలింగం కేంద్రంగా ఏలిన తూర్పు గాంగుల బంగారు పణాలు చూస్తే తెలుస్తుంది. గోరంత నాణెం, దాని మీద పడుకున్న నంది. బిళ్ళ కంటే అచ్చు పెద్దది కావడంతో ఒకదానిలో నందికి మూపురం ఉండదు, ఇంకొకదానిలో తోక ఉండదు. ఆనాడు దాన్ని ఎవరూ తప్పు అనలేదు, ఇవాళా అనకూడదు. అన్నీ ఒకేలా ఉండాలన్న నియమం ఉన్నచోటే తేడా తప్పవుతుంది. ఆ నియమాన్ని తెచ్చింది యంత్రం. అందుకే టంకశాల తప్పును గుర్తుపట్టాలంటే, నాణెం వంక చూస్తూ యంత్రం కదలికను ఊహించుకోవాలి. ఈ లోపం ఆ కదలికల్లో ఎక్కడ పుట్టగలదు? ఎక్కడా పుట్టలేకపోతే అది దారిలో తగిలిన దెబ్బే.

ముందు లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. వాటి అంచును ఒత్తి కాస్త పైకి లేపుతారు. కాల్చి మెత్తబరుస్తారు, కడిగి ఆరబెడతారు. ఆ తర్వాతే పై అచ్చు, కింది అచ్చు, మధ్యలో కాలర్. నిమిషానికి వందల దెబ్బలు. ఈ మెట్లలో ఏది తడబడినా ఆ తడబాటుకు తనదైన గుర్తు మిగులుతుంది.

పెద్ద చపాతీ పరిచి గిన్నె మూతతో పూరీలు కోసేటప్పుడు, మూత ముందు కోసిన చోటు మీద కొంచెం పడితే పూరీ అంచున నెలవంక ఆకారంలో ముక్క పోతుంది. టంకశాలలో రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే అదే జరుగుతుంది. కానీ కత్తెరతోనో ఆకురాయితోనో ఇంట్లో కూడా నెలవంక కోయవచ్చు. రెండింటినీ విడదీసే ఆధారం కోత దగ్గర ఉండదు, దానికి సరిగ్గా ఎదుటి అంచున ఉంటుంది. అంచు లేపే యంత్రం బిళ్ళను రెండు వైపులా ఒకేసారి ఒత్తుతుంది. ఒకవైపు ముక్క లేకపోతే ఎదుటివైపు ఒత్తిడి చాలదు, అక్కడ అంచు పలచబడుతుంది. సేకర్తలు దీన్ని బ్లేక్‌స్లీ ఎఫెక్ట్ అంటారు. ఇంట్లో కోసిన నాణేనికి ఎదుటి అంచు నిక్షేపంగా ఉంటుంది. అచ్చు పడిన నాణేల వ్యవహారంలో ఇంత అందమైన రుజువు మరొకటి లేదు.

నాణెం మీద కనిపించే గీత విషయం ఇంకా తేలిక. అచ్చులో బొమ్మ లోతుగా, తిరగబడి ఉంటుంది. ఉక్కు అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకుపోతుంది, నాణెం మీద సన్నని గట్టులా పైకి లేస్తుంది. మేకు గీరితే పడేది గాడి. గోరుతో తడిమినా తేడా తెలుస్తుంది. అక్షరం మాయమైతే మాత్రం భూతద్దం కావాలి. అచ్చు గుంటలో జిడ్డు పేరుకుని అక్షరం పడకపోతే, ఆ చోటు చుట్టుపక్కల నేలతో సమానంగా, నున్నగా ఉంటుంది. ఎవరైనా గీకేసి ఉంటే అక్కడ గీతలో పల్లమో కనిపిస్తాయి.

ఎక్కువమందిని మోసం చేసేది బ్రోకేజ్ రకం. కొట్టిన నాణెం బయటికి రాకుండా ఒక అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళకు అదే అచ్చవుతుంది. ఒకవైపు మామూలు బొమ్మ పడుతుంది. రెండోవైపు కూడా అదే బొమ్మ, అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. దీన్ని చూసి కొందరు రెండు నాణేలను వర్క్‌షాపు వైసులో బిగించి నొక్కుతారు. అప్పుడూ తిరగబడిన అచ్చు పడుతుంది కానీ, దాని కింద అసలు బొమ్మ నలిగిపోయి మిగిలే ఉంటుంది. నిజమైన బ్రోకేజ్‌లో ఆ వైపు అసలు బొమ్మ పడే అవకాశమే లేదు.

ఇక దెబ్బలు. ఆమదాలవలస మీదుగా పోయే హౌరా–చెన్నై పట్టాల మీద పిల్లలు పెట్టిన నాణెం సాగి పలచబడుతుంది, దాంతోపాటు బొమ్మ కూడా సాగుతుంది. కాలర్ లేకుండా పడిన అసలు నాణెమూ వెడల్పుగానే ఉంటుంది, కానీ మధ్యలో బొమ్మ చెదరదు. నాగావళిలో మొక్కుకుని విసిరిన నాణేన్ని ఇసుక అరగదీస్తుంది. కళింగపట్నం ఒడ్డున ఉప్పునీళ్ళు లోహాన్ని గుంటలు గుంటలుగా తింటాయి. కాసులపేరులోకి ఎక్కిన నాణేనికి అతుకు మచ్చ ఉండిపోతుంది. వీటిలో ఒక్కటీ ప్రెస్సులో జరిగేది కాదు.

మన దగ్గర తిరిగే నాణేలు చాలావరకు హైదరాబాద్‌వి. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది అక్కడిదే. ముంబైకి వజ్రం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. ఈ సంగతి తెలియక గుర్తు లేని నాణేన్ని తప్పుగా పడిన అపురూపమని అమ్మజూపేవాళ్ళున్నారు. 1903 నుంచి సైఫాబాద్‌లో ఉన్న హైదరాబాద్ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది.

పాత నాణేనికి లక్షలిస్తామనే ఫోన్లు ఉత్తరాంధ్ర పల్లెలకూ వస్తున్నాయి. ముందు కొంత రుసుము కట్టమంటారు. తన పేరు వాడుకుని జరుగుతున్న ఈ మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అలాంటి లావాదేవీలకు తాను ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, ఏ రుసుమూ అడగనని స్పష్టంగా చెప్పింది.

పది రూపాయల నాణెం కథ దీనికి తలకిందులు. అది చెల్లదన్న పుకారుతో దుకాణాలు తీసుకోవడమే మానేశాయి. అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించాల్సి వచ్చింది. రెండు లోహాల ఈ నాణేనికి అసలైన తప్పులూ ఉంటాయి, చేతిపనులూ ఉంటాయి. మధ్య బిళ్ళను ఊడగొట్టి మళ్ళీ దూర్చి, వంకరగా పడిందని అమ్ముతారు. 2011లో వచ్చిన నమూనాలో సింహాలు మధ్య బిళ్ళ మీద, భారత్ అన్న మాట బయటి వలయం మీద ఉంటాయి. రెండూ చెక్కి ఉన్నది ఒకే అచ్చులో, పడేది ఒకే దెబ్బకు. మధ్య బిళ్ళ పక్కకు జరగవచ్చు. కానీ భారత్ అన్న మాటతో పోలిస్తే సింహాలు ఒరిగి కనిపిస్తే, టంకశాల దాటాక ఎవరో ఆ బిళ్ళను తిప్పారు.