లంబసింగి ఘాటు రోడ్డు: మలుపుల కింద వెట్టి చరిత్ర

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లే దారిలో తెల్లవారుజాము మూడింటికే కార్లు, బైకులు బారులు తీరతాయి. డౌనూరు దాటాక ఘాటు మొదలవుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి. పొగమంచులో ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనపడదు. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి చేరాక అందరూ ఫోటోలు దిగుతారు. దాన్ని ‘ఆంధ్రా కాశ్మీర్’ అంటారు.

పరిశోధన పని మీద నేను ఈ దారిలో చాలాసార్లు ప్రయాణించాను. మొదటిసారి వెళ్లినప్పుడు నా కళ్లు లోయ మీద కంటే రోడ్డు అంచున పేర్చిన రాతి గోడ మీదే ఎక్కువసేపు నిలిచాయి. మా అమ్మమ్మ మైదానంలో రోడ్డు పనుల్లో కంకర కొట్టింది. ఆమె బొటనవేలి గోరు చివరిదాకా సరిగా పెరగలేదు. అందుకే రోడ్డు ఎక్కడ చూసినా నాకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు వేశారు, వాళ్లకు ఎంత ఇచ్చారు?

ఘాటు రోడ్డు ఎలా పుడుతుంది

కొండ మీదకి తిన్నగా రోడ్డు వేస్తే బండి ఎక్కదు. అందుకే కొండ వాలును చుట్టుకుంటూ, ఎత్తును కొద్ది కొద్దిగా పెంచుకుంటూ పోతారు. వాలు మరీ నిటారుగా ఉన్న చోట దారిని వెనక్కి తిప్పుతారు. అవే మనం చూసే పెద్ద మలుపులు. లోపలి వైపు కొండను తొలిచి, ఆ మట్టినీ రాళ్లనూ లోయ వైపు పోసి, జారిపోకుండా రాతి గోడ కడతారు. వాన నీరు రోడ్డును కోసేయకుండా కొండ వైపు కాలువ, వాగు అడ్డొచ్చిన చోటల్లా కల్వర్టు కావాలి.

జేసీబీలు లేని కాలంలో ఇదంతా గునపం, పార, సుత్తి, తట్టలతోనే జరగాలి. అంటే వందలాది మనుషులు నెలల తరబడి కొండను తవ్వి మొయ్యాలి. మన్యంలో ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారన్నదే అసలు చరిత్ర.

తెల్లదొరలకు రోడ్డెందుకు?

బ్రిటిష్ పాలకులకు మన్యం రెండు రకాలుగా అవసరం. ఒకటి కలప, అటవీ ఆదాయం. రెండోది అదుపు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవుల్లో పోడు కొట్టడం, పశువులు మేపుకోవడం, వంటచెరకు తెచ్చుకోవడం నేరాలయ్యాయి. అంతకు ముందే, 1879లో రంప తిరుగుబాటు పుట్టింది. దారీ తెన్నూ లేని కొండల్లో సైన్యాన్ని నడిపించడం ఎంత కష్టమో సర్కారుకు అప్పుడే తెలిసొచ్చింది. కలప కిందికి దిగాలన్నా, పోలీసులు పైకి ఎక్కాలన్నా రోడ్డు కావాలి.

ఆ రోడ్డును ఆదివాసీల చేతే వేయించారు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ పేరు ఈ చరిత్రలో పదే పదే వస్తుంది. నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లికి కొండెక్కే రోడ్డు పనుల్లో ఆదివాసీలను బలవంతంగా దించడం, సర్కారు నిర్ణయించిన కూలి వాళ్ల చేతికి అందకుండా చేయడం, ఎదురు తిరిగినవాళ్లను వేధించడం అతని మీద ఉన్న ఆరోపణలు. గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు తిరుగుబాటులోకి రావడానికి బాస్టియన్‌తో వచ్చిన తగాదాలు ఒక ముఖ్య కారణం.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుదారులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. తుపాకులు, మందుగుండు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మాటు వేసి జరిపిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. కొండదారి ఎవరికి తెలుసో వాళ్లదే పైచేయి అని ఆ ఘాటు రుజువు చేసింది. తిరుగుబాటును అణచడానికి మలబారు స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దించాల్సి వచ్చింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. కొద్ది వారాలకే గంటం దొర కూడా చనిపోయాడు.

మనం సాధారణంగా ఈ కథను ఒక వీరుడి కథగా చెప్పుకుంటాం. విగ్రహాలు ఉన్నాయి, 2022లో ఆయన పేరుతో జిల్లా కూడా వచ్చింది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ తిరుగుబాటు వెనక ఒక కూలి తగాదా కూడా ఉంది. చేసిన పనికి డబ్బులు ఇవ్వమన్న మనుషులు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనపడవు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వెట్టి తెల్లదొరలతోనే మొదలవలేదు. మన్యంలో ముఠాదార్లు కూడా సాటి ఆదివాసీల చేత చాకిరీ చేయించుకున్నారు. మైదానంలో ఊరి వెట్టి మాల, మాదిగ పల్లెల మీద పడింది. సర్కారు చేసిందల్లా ఆ పాత చాకిరీని తన రోడ్డు పనికి వాడుకోవడం.

కూలి తగ్గితే అది కూడా వెట్టే

మహర్ వతన్ పేరుతో తరతరాలుగా సాగిన వెట్టి మీద బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. స్వతంత్ర భారత రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. అయితే కర్ర పట్టుకుని ఎవరూ వెంటపడకపోతే అది బలవంతం కాదా?

దీనికి సుప్రీంకోర్టు 1982లో జవాబిచ్చింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయేనని చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనని దాని సారాంశం. 1983లో సంజిత్ రాయ్ కేసు ఏకంగా ఒక రోడ్డు గురించే. రాజస్థాన్‌లో మదన్‌గంజ్ - హర్మారా రోడ్డును కరువు పనిగా వేయించి, కనీస వేతనం ఇవ్వలేదు. కరువు పనులకు కనీస వేతనాల చట్టం వర్తించదన్న రాష్ట్ర చట్టాన్ని కోర్టు ఒప్పుకోలేదు. కరువులో ఉన్నవాళ్లకు పని ఇవ్వడం సర్కారు చేసే దానం కాదు, చేసిన పనికి పూర్తి కూలి ఇవ్వాల్సిందేనంది.

ఈ రెండు తీర్పులను లంబసింగి రోడ్డు పక్కన పెట్టి చదివితే, 1922లో మన్యం కూలీలు అడిగిందీ, అరవై ఏళ్ల తర్వాత కోర్టు చెప్పిందీ ఒకటేనని తెలుస్తుంది.

రోడ్డు ఉన్నా దారి లేనివాళ్లు

ఇప్పుడు ఘాటు రోడ్డు తారుతో నున్నగా ఉంది. కానీ అదే మన్యంలో ప్రధాన రోడ్డు నుంచి లోపలికి వెళితే, గర్భిణులను నేటికీ డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి. కొండెక్కే రోడ్డు పర్యాటకుల కోసం వెడల్పవుతుంది, గూడెం రోడ్డు మాత్రం అంచనాల దగ్గరే ఆగుతుంది.

రోడ్డు వచ్చిన చోట ఇంకో సమస్య ఉంది. భూమికి ధర వస్తుంది. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కాబట్టి రోడ్డు పక్కన కొత్త రిసార్టు కనపడినప్పుడు, ఆ నేల ఎవరి పేరున ఉందని అడగడం పర్యాటకుడికి కూడా బాధ్యతే.

విద్యార్థి మిత్రులు చేయగల పని ఒకటుంది. మీ ప్రాంతంలో జరుగుతున్న ఏ రోడ్డు పనినైనా తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద అంచనా పత్రం, మస్టరు రోలు, కూలి చెల్లించిన వివరాలు అడగండి. ఆ కాగితాలు పట్టుకుని పని చోటికి వెళ్లి, కూలీలతో కూర్చుని మాట్లాడండి. కాగితం మీది అంకెకూ చేతికి వచ్చిన అంకెకూ తేడా ఉంటే, రాసి పెట్టండి. బాస్టియన్ కాలంలో ఆ తేడాను లెక్క రాసినవాళ్లు ఉంటే, ఆ కూలీల పేర్లు నేడు మనకు తెలిసేవి.

జైలు నుంచి బయటికొచ్చిన గాం మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కూలి ఎగ్గొట్టిన అధికారి మీద తిరగబడ్డ మన్యం నుంచి ఒక మనిషి చట్టాలు చేసే సభకు చేరాడు. ఈ సారి లంబసింగి వెళితే, పొగమంచు చూడండి. దిగి వచ్చేటప్పుడు ఏదో ఒక మలుపు దగ్గర బండి పక్కకు ఆపి, ఆ రాతి గోడను కూడా చూడండి.