మాట్లాడటం నేర్పిన మాస్టారు

నలుగురిలో లేచి మాట్లాడటం పుట్టుకతో రావాలనుకునేవాళ్లు చాలామంది. అది సాధనతో వచ్చేదని నమ్మి, ఆ సాధనకు ఒక పద్ధతి ఏర్పరచిన ఉపాధ్యాయుడు రాల్ఫ్ స్మెడ్లీ.

1903లో ఇలినాయ్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, బ్లూమింగ్టన్ వైఎంసీఏలో విద్యా విభాగం బాధ్యత తీసుకున్నారాయన. అక్కడికొచ్చే కుర్రాళ్లకు సభలో మాట్లాడటం, సమావేశం నడపడం చేతకావడం లేదని గమనించి, 1905లో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు మొదలుపెట్టారు. ఉద్యోగరీత్యా ఏ ఊరెళితే అక్కడ మరో క్లబ్బు పెట్టేవారు. ఆయన ఊరు మారాక అవి నీరసించిపోయేవి. 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో పెట్టిన క్లబ్బు మాత్రం నిలదొక్కుకుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ అడగడంతో ఆయన పాఠాలను పుస్తకాలుగా రాసిచ్చారు. ఇక ఆయన లేకున్నా క్లబ్బు నడుస్తుంది.

ఆ పద్ధతిలో జీతం తీసుకునే గురువు ఉండడు. మామూలు ప్రసంగానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదో నిమిషానికి పచ్చ దీపం, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. ఒకరు కాలం చూస్తారు, ఇంకొకరు ‘ఆఁ... ఊఁ...’లు లెక్కపెడతారు. తోటి సభ్యుడే లేచి, ఏది బాగుందో, ఏది దిద్దుకోవాలో రెండు మూడు నిమిషాల్లో చెబుతాడు. మరో సమావేశంలో పాత్రలు మారతాయి. మాట్లాడటంతోపాటు ఎదుటివాడి మాట శ్రద్ధగా వినడమూ ఇక్కడ అలవడుతుంది.

లోటు లేదని కాదు. మహిళలకు సభ్యత్వం 1973లో గానీ దక్కలేదు. అప్పటికి స్మెడ్లీ పోయి ఎనిమిదేళ్లు.

అమెరికా కంపెనీల్లో మధ్యాహ్న భోజన విరామంలో నడిచే ఈ క్లబ్బులు మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కొత్తేమీ కావు. ఆఫీసులో పాటించే ఆ క్రమశిక్షణ ఇక్కడి మన తెలుగు సంఘాల సభల్లోకి ఇంకా రావాలి. ‘రెండే ముక్కలు’ అంటూ మైకందుకున్న పెద్దాయన అరగంటైనా వదలడు; వెనక వరసల్లో పిల్లలు ఫోన్లలో మునిగిపోతారు. వచ్చే ఉగాది సభకు వేదిక ముందు మూడు రంగుల దీపాలు పెడదాం. వందన సమర్పణ ఒక హైస్కూలు పిల్లకు అప్పగిద్దాం. తెలుగు తడబడితే తడబడనీ. దిగాక ఆ అమ్మాయి చెప్పిందాంట్లో బాగున్నదేమిటో ముందు చెప్పి, దిద్దుకోవలసింది ఒక్కటే చెబుదాం.