డెవలప్‌మెంట్ నుంచి ప్రొడక్షన్‌కు: డేటాబేస్ మైగ్రేషన్ ప్రణాళిక

ప్రోగ్రామర్లు పనిచేసుకునే డేటాబేస్‌ను డెవలప్‌మెంట్ అని, సరిచూసేదానిని టెస్ట్ అని, వ్యవహారం నిజంగా నడిచేదానిని ప్రొడక్షన్ అని అంటాము. మైగ్రేషన్ అనగానే చాలామంది విద్యార్థులు మొదటిదాన్ని ఎత్తి మూడోదాని స్థానంలో పెట్టడమే అనుకుంటారు. అలా చేస్తే ప్రొడక్షన్‌లోని అసలు సమాచారం తుడిచిపెట్టుకుపోతుంది. పైకి తరలేది డేటాబేస్ కాదు, అందులో చేసిన మార్పు. ప్రోగ్రామును మళ్ళీ రాసుకోవచ్చు. నిన్న ఓడ నుంచి ఎన్ని టన్నుల బొగ్గు దిగిందో తెలిపే వరుస పోతే దాన్ని ఊహించి రాయలేము.

మనకు తెలిసిన సందర్భాన్నే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత విశాఖపట్నం జిల్లా ప్రాంతం విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల మధ్య పంపకమైంది. విశాఖ ఓడరేవులో సరుకు రవాణా చేసే ఒక సంస్థ ఉందనుకోండి. దాని డేటాబేస్‌లో లారీ డ్రైవర్ల చిరునామాలున్నాయి. గాజువాక డ్రైవరు పాత జిల్లాలోనే ఉంటాడు, పరవాడ డ్రైవరు అనకాపల్లి జిల్లాకు, పాడేరు డ్రైవరు అల్లూరి జిల్లాకు మారాలి. ఈ మార్పును చేత్తో చేయకూడదు. స్క్రిప్టుగా రాసి, వరుస సంఖ్య ఇచ్చి భద్రపరచాలి. టెస్ట్‌లో నడిచిన స్క్రిప్టే, ఒక్క అక్షరం మారకుండా, ప్రొడక్షన్‌లో నడవాలి.

డెవలప్‌మెంట్‌లో ఇరవై వరుసలుంటాయి, అన్నీ మనం శుభ్రంగా రాసుకున్నవే. స్క్రిప్టు క్షణంలో పనిచేస్తుంది. అసలు పరీక్ష ప్రొడక్షన్ నకలు మీద జరుగుతుంది. అక్కడ ఒకరి చిరునామాలో ‘వైజాగ్’, మరొకరికి ‘విశాఖ’, ఇంకొకరికి ‘వాల్తేరు’ అని ఉంటుంది. కొందరికి మండలం గడి ఖాళీ. తేలని వరుసలను ఏదో ఒక జిల్లాలో పడేయకండి. వాటిని విడి పట్టికలో పెట్టి, డ్రైవర్లను ఎరిగిన గుమాస్తాకు చూపించండి. మూడు జిల్లాల వరుసలు, తేలని వరుసలు కలిపితే పాత మొత్తం రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ముందుకు పోకూడదు. నకలు తీసేటప్పుడు ఫోన్, ఆధార్ సంఖ్యలను మరుగుపరచడం తప్పనిసరి.

ఇక్కడే మరో చిక్కు. 2021 నాటి బిల్లు మీద పాడేరు డ్రైవరు జిల్లా ‘విశాఖపట్నం’ అనే ఉండాలి. అప్పటికి అదే నిజం. అందువల్ల పాత విలువను చెరిపి కొత్తది రాయడం కన్నా, ఏ తేదీ నుంచి ఏ జిల్లా అని రాసుకోవడం మేలు.

ప్రొడక్షన్‌కు ముహూర్తం పెట్టడం అంత తేలిక కాదు. ఓడరేవుకు రాత్రి సెలవు లేదు, ఉక్కు కర్మాగారం మూడు షిఫ్టులూ నడుస్తుంది. టెస్ట్ నకలు మీద ఎంతసేపు పట్టిందో కొలిచి ఉంటేనే ఎంత విరామం అడగాలో తెలుస్తుంది. విరామం దొరకకపోతే రెండు అంచెల్లో చేయండి: ముందు కొత్త కాలమ్ చేర్చి నింపాలి, పాతదాన్ని ఉండనివ్వాలి, ప్రోగ్రాములన్నీ కొత్తదాన్నే చదువుతున్నాయని తేలాక పాతది తీసేయాలి. నా మటుకు నేను విరామం దొరికినా ఈ పద్ధతినే ఎంచుకుంటాను.

‘తేడా వస్తే రోల్‌బ్యాక్ ఉంది కదా’ అనుకోకండి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో ఆల్టర్ టేబుల్ వంటి ఆజ్ఞలు తమంతట తామే కమిట్ అవుతాయి. బ్యాకప్‌కు కూడా హద్దుంది: మార్పు తర్వాత రెండు గంటలు గేటు తెరిచి లారీలను పంపితే, పాత బ్యాకప్ వేయగానే ఆ రెండు గంటల నమోదులు పోతాయి. ఎప్పటివరకు వెనక్కి రావచ్చు, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నవి ముందురోజే కాగితం మీద ఉండాలి.

బ్యాకప్ తీస్తే చాలదు, దాన్ని తిరిగి వేసి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రెండో సర్వరు అనుకొని, ప్రధాన సర్వరులోని డేటాను తొలగించారు. రోజువారీ బ్యాకప్ విఫలమవుతోందని, హెచ్చరికలు ఎవరికీ చేరలేదని అప్పుడు తెలిసింది. చివరకు ఆదుకున్నది సుమారు ఆరు గంటల ముందు టెస్ట్ పరిసరం కోసం తీసిన నకలు. ఆ ఆరు గంటల మార్పులు మాత్రం పోయాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై సంస్థలో మార్పు జరిగిన గంటకు, పరవాడ డ్రైవర్లు నలభైమంది పాత జిల్లాలోనే మిగిలారని తేలింది. ఈలోగా కొత్త నమోదులు వచ్చాయి. మీరు బ్యాకప్ వేస్తారా, మరో స్క్రిప్టు రాస్తారా? కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.