రూమ్ నంబర్ 215

ముప్పై ఒక్క ఏళ్లు మందుల బ్యాగు మోశాను. ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు, నంద్యాల. టూర్ ప్రోగ్రాం ప్రకారం నెలకు పద్నాలుగు, పదిహేను రాత్రులు లాడ్జిలోనే. కౌంటరు వెనక కూర్చున్న మనిషి తాళంచెవి ఇచ్చే తీరు చూసి, తెల్లారి వేడినీళ్లు వస్తాయో రావో చెప్పగలిగేవాణ్ణి. రిటైరయ్యాక ఇక ఆ మెట్లెక్కే పని లేదని సంబరపడ్డాను. అలాంటిది పోయిన చలికాలంలో వరసగా ఇరవై రెండు రాత్రులు ఒకే హోటల్లో దిగాను. విజయవాడలో, మా ఇంట్లో, నా మంచం మీదే, దుప్పటి కప్పుకుని.

ఆ హోటల్ పేరు హోటల్ డస్క్. అమెరికాలో, నెవాడా ఎడారిలో ఉంటుంది. ఉండటమంటే ఒక గేములో ఉంటుంది. ‘హోటల్ డస్క్: రూమ్ 215’ అని, నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే మిషన్ మీద 2007 జనవరిలో వచ్చింది. మా అమ్మాయి టెక్సస్‌లో ఎంఎస్ చదివే రోజుల్లో కొనుక్కుంది. మొన్న వచ్చినప్పుడు పాత సామాన్లతో పాటు దాన్నీ తెచ్చి నా చేతిలో పెట్టి, “ఇందులో హీరో కూడా నీలాగే సేల్స్‌మన్ నాన్నా, ఆడి చూడు” అంది. వాళ్లమ్మ నవ్వింది. నవ్వదూ మరి! సెల్‌ఫోన్లో పేకాట తప్ప ఇంకో గేము ఆడిన పాపాన పోలేదు నేను.

ఇది విజువల్ నవల అనే తరహా గేము. పరుగులు, తుపాకులు, పాయింట్లు ఉండవు. బొమ్మ కనిపిస్తుంది, పక్కన మాటలు వస్తాయి, చదువుకుంటూ పోతాం. ఎవరిని కలవాలి, ఏమడగాలి, ఏ సొరుగు తెరవాలి అన్నది మన చేతిలో ఉంటుంది. జపాన్‌లో దీనికి నలభై ఏళ్లు దాటిన వంశవృక్షం ఉంది. 1983లో యూజీ హోరీ అనే ఆయన పోర్టోపియా వరస హత్యల కేసు పేరుతో ఒక డిటెక్టివ్ గేము చేశాడు. 1986లో ఫుకుఓకా నగరంలోని రివర్‌హిల్ సాఫ్ట్ అనే కంపెనీ జేబీ హెరాల్డ్ అనే డిటెక్టివ్‌ని పుట్టించింది. ఆ కంపెనీలో పనిచేసినవాళ్లు కొందరు 1999లో అదే ఊళ్లో ‘సింగ్’ అని చిన్న సంస్థ పెట్టుకున్నారు. హోటల్ డస్క్ కట్టిన మేస్త్రీలు వాళ్లే.

డీఎస్‌కి రెండు తెరలు. మామూలుగా ఒకటి పైన, ఒకటి కింద పెట్టుకుని ఆడతారు. ఈ గేముకి మాత్రం మిషన్‌ని నిలువుగా తిప్పి పుస్తకంలా పట్టుకోవాలి. ఎడం పేజీ, కుడి పేజీ. అద్దె పుస్తకాల కొట్లోంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల తెచ్చుకుని బస్సు కిటికీ పక్కన కూర్చుని చదివిన చేతులివి. అవి వెంటనే సర్దుకున్నాయి. హీరో ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఒక పేజీలో అతను, రెండో పేజీలో ఎదుటి మనిషి నిలబడతారు. నడిచేటప్పుడు ఒక పేజీలో వరండా, రెండోదానిలో హోటల్ ప్లాను. ఆ ప్లాను మీద స్టైలస్‌తో, అంటే చిన్న ప్లాస్టిక్ పుల్లతో, మనిషిని లాక్కుంటూ పోవడమే.

కథ 1979 డిసెంబర్ 28 సాయంత్రం మొదలవుతుంది. కైల్ హైడ్ ఒకప్పుడు న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్. మూడేళ్ల కిందట తనతో పనిచేసిన బ్రాడ్లీ అనే స్నేహితుడు డిపార్ట్‌మెంటుకి ద్రోహం చేశాడని అతన్ని కాల్చాల్సి వచ్చింది. నీళ్లలో పడ్డ మనిషి శవం మాత్రం దొరకలేదు. దాంతో ఉద్యోగం వదిలేసి, రెడ్ క్రౌన్ అనే కంపెనీలో ఇంటింటికీ తిరిగే సేల్స్‌మన్‌గా చేరాడు. ఊళ్లు తిరిగే పని కాబట్టి, తిరుగుతూ బ్రాడ్లీని వెతకొచ్చన్నది అతని లెక్క. ఆ రాత్రి సరుకు అందుకోవడానికి హోటల్ డస్క్‌లో దిగుతాడు. ఓనరు డనింగ్ స్మిత్ రిజిస్టరు చూసి, ఇదే పేరుతో ఆర్నెల్ల కిందట ఇంకొకాయన దిగాడే అంటాడు. ఇచ్చిన గది 215. అందులో పడుకుంటే కోరికలు తీరతాయని అక్కడ ఓ వదంతి. మన లాడ్జిల్లో వదంతులు ఎప్పుడూ రెండో వైపే నడుస్తాయి. రద్దీగా ఉంటే తప్ప ఇవ్వని గది ఒకటి నేను దిగిన ప్రతి లాడ్జిలోనూ ఉండేది.

కథ ఇంతకు మించి చెప్పను. చూడ్డానికి ఎలా ఉంటుందో చెప్పొచ్చు. మనుషులందరూ పెన్సిల్ గీతలు. నిజం మనుషుల్ని వీడియో తీసి, ఆ కదలికల మీదే బొమ్మ గీసే పద్ధతొకటి ఉంది, రోటోస్కోపింగ్ అంటారు. అందుకే ఇక్కడ బొమ్మ నిలబడ్డా గీతలు సన్నగా వణుకుతూ ఉంటాయి. భుజం ఎగరేయడం, కళ్లు పక్కకి తిప్పుకోవడం, సమాధానం చెప్పే ముందు మెడ నిమురుకోవడం, ఇవన్నీ నేను డాక్టర్ల ఎదుట కూర్చుని రోజూ చూసినవే. గొంతులు వినిపించవు, అంతా చదువుకోవడమే. అది లోటని నాకెక్కడా అనిపించలేదు.

ఈ గేము ఊపిరంతా అడగడంలోనే ఉంది. మందుల రెప్పుకి ఈ విద్య తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గర్వం. డాక్టరు గారు ఓపీ ముగించి చేతులు కడుక్కునే క్షణంలో ఒక్క ప్రశ్న అడగొచ్చు. ఆయన బీపీ మిషన్ సర్దుతున్నప్పుడు అదే ప్రశ్న అడిగితే వారం వరకు గుమ్మం తొక్కనివ్వరు. ముందు కాంపౌండరు పిల్లాడి పరీక్షల సంగతి కదపాలి, లోపలి మూడ్ ఎలా ఉందో అతనే చెబుతాడు. హోటల్ డస్క్‌లో ఆ కాంపౌండరు లూయీ. హోటల్లో రూమ్ బాయ్‌ లాంటి పని చేస్తుంటాడు. న్యూయార్క్‌లో చిల్లర దొంగతనాలు చేసే రోజుల్లో కైల్‌కి తెలిసినవాడు. పాత పరిచయం ఉంది కాబట్టి మాట కలుపుతాడు. అది కూడా తనకి ఇబ్బంది లేనంత వరకే.

మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఏదో ఒకటి సగం చెప్పి ఆగుతారు. అక్కడ మనకు ఓ ప్రశ్న దొరుకుతుంది. కొన్నిటిని అప్పుడే అడగాలి, కొన్నిటిని దాచుకుని ఇంకో మనిషి దగ్గరో, ఇంకో గంటకో బయటికి తీయాలి. రచయితనని చెప్పుకునే మార్టిన్ సమ్మర్, తన పుట్టుపూర్వోత్తరాలు దాచుకునే ఐరిస్, డబ్బున్న కుర్రాడు జెఫ్, మాట్లాడని పిల్ల మిలా. ఆ రాత్రి అక్కడ చిక్కుకున్న ప్రతివాళ్ల దగ్గరా చెప్పనిది ఒకటుంది. కైల్ పోలీసు కాదు, అడిగే అధికారం అతనికి లేదు. ‘నీకెందుకు?’ అంటే జవాబుండదు. ఈ ఒక్క సంగతే నన్ను ఇరవై రెండు రాత్రులు కట్టిపడేసింది. యుగంధర్ వస్తే మనుషులు నిలబడి సమాధానం చెప్పేవారు. ఇతను మాత్రం తలుపు కొట్టి, లోపలున్నవాళ్లు తెరిస్తేనే అడగాలి. ఇంతకీ రాత్రంతా తిరిగి ఒక్క ఆర్డరూ తేడు. మా ఏరియా మేనేజరైతే మర్నాడే ఉత్తరం పంపేవాడు.

తప్పు ప్రశ్న అడిగితే శిక్ష ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ లాడ్జి ఓనరూ నన్ను బయటికి పంపలేదు. డనింగ్ స్మిత్ మొదటి వారంలోనే మూడుసార్లు గెంటేశాడు. పోకూడని చోటికి పోయి ఒకసారి, నోరుజారి రెండుసార్లు. గేము అక్కడితో ఆగుతుంది, సేవ్ చేసుకున్న చోటి నుంచి మళ్లీ మొదలెట్టాలి. తరచుగా సేవ్ చేసుకునే అలవాటు లేకపోతే చదివిన పేజీలే మళ్లీ చదవాల్సి వస్తుంది.

చిక్కుముళ్లూ ఉన్నాయి. తెరుచుకోని సూట్‌కేసు తాళం, ఇలాంటివి. చాలా వరకు తేలికే. ఒకటి మాత్రం నా పరువు తీసింది. మెలిస్సా అనే చిన్నపిల్ల దగ్గర ముక్కలు పేర్చి బొమ్మ చేసే పజిల్ ఉంటుంది. పేర్చాను. దాని వెనక ఏదో రాసుందని తెలుస్తోంది. తిప్పడం ఎలాగో అర్థం కాలేదు. పుల్లతో లాగాను, నొక్కాను, మిషన్నే తలకిందులు చేశాను. మూడు రోజులు. చివరికి సిగ్గు విడిచి అమ్మాయికి ఫోన్ చేశాను.

“పుస్తకం చదవడం అయిపోతే ఏం చేస్తావు నాన్నా?”

“మూసేస్తాను.”

“మరి మూసెయ్.”

రెండు తెరల్నీ పుస్తకంలా మూసి తెరిస్తే పజిల్ బోర్లా పడింది! ఆ మూడు రోజులూ నేను ముందు పవర్ ఆపి, ఆ తర్వాతే మిషన్ మూస్తున్నాను, కరెంటు పొదుపు బుద్ధి. ఈ కిటుకు చెప్పేసినందుకు ఆడబోయేవాళ్లు క్షమించాలి. మూడు రోజులు మిగిల్చానని కూడా అనుకోవచ్చు.

కైల్ జేబులో నోటుపుస్తకం ఉంటుంది. అందులో మనం పుల్లతో రాసుకోవచ్చు. గీసిన గీతని గీసినట్టే దాచుకుంటుంది కాబట్టి దానికి భాష పట్టింపు లేదు. నేను తెలుగులోనే రాసుకున్నాను. ఎవరు ఏ గదిలో, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ మాటకి ఎవరి మొహం మాడింది. పాత డెయిలీ రిపోర్టులు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? గేము పది అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం చివర ఇంతవరకు తెలిసిందేమిటని కైల్ తనని తాను ప్రశ్నలు వేసుకుంటాడు, జవాబులు మనం ఎంచాలి. దీన్ని స్కూలు పరీక్షతో పోల్చి విసుక్కునేవాళ్లుంటారు. నాకైతే అది చాలా అవసరమైంది. రోజుకో గంట ఆడే మనిషికి ముందటి వారం ఐరిస్ ఏమందో ఎక్కడ గుర్తుంటుంది?

ఇక తగువు పెట్టుకోవాల్సిన సంగతి. ఈ గేములో గడియారం మన పనిని బట్టే కదులుతుంది. కథ కోరిన ఆ ఒక్క పని చేయనిదే ఏదీ జరగదు. ఆ పని ఏమిటో చెప్పేవాడుండడు. ఏ గదిలోనో ఒక వస్తువు చూడాలి, అది చూసేదాకా బారులో ఎవరూ నోరు విప్పరు. నడిమి అధ్యాయాల్లో రెండు రాత్రులు నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే గడిపాను, కరెంటు పోయిన లాడ్జిలో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు. ఇంకో చికాకు ఏమిటంటే, మనకి గుట్టు తెలిసిపోయినా కైల్‌కి తెలియదు. ఫలానా డబ్బాలో ఏముందో నేను ఊహించేశాను మొర్రో అన్నా, అతను మూడు సంభాషణల తర్వాత గానీ డబ్బా దగ్గరికి పోడు. కథ రాసినవాళ్లకి మన తెలివి మీద ఇంకాస్త నమ్మకం ఉండాల్సింది. మొదటి రెండు అధ్యాయాలు నత్తనడక. మూడోదాని నుంచి గానీ నాకు రుచి దొరకలేదు. భాష ఇంగ్లిషు. కష్టమైనది కాదు, మామూలు మాటలే. కానీ గంటల తరబడి చదవాలి.

సింగ్ కంపెనీ 2010 మార్చిలో దివాలా తీసింది. అదే ఏడాది కైల్ హైడ్ రెండో కథ ‘లాస్ట్ విండో’ జపాన్‌లో, యూరప్‌లో వచ్చింది, అమెరికాలో రానే లేదు. వాళ్లదే ‘అనదర్ కోడ్’ అనే ఇంకో కథని 2024 జనవరిలో నింటెండో స్విచ్ కోసం కొత్తగా ముస్తాబు చేశారు. హోటల్ డస్క్‌కి ఆ యోగం పట్టలేదు. ఫోన్లో దొరకదు. పాత కార్ట్రిడ్జి సంపాదించి డీఎస్‌లోనో, త్రీడీఎస్‌లోనో పెట్టుకోవాలి. అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న బంధువులు పంపినా పనిచేస్తుంది, డీఎస్ కార్ట్రిడ్జిలకి ఆ దేశం, ఈ దేశం అనే తాళం లేదు. భాష ఇంగ్లిషేనా అన్నది మాత్రం చూసుకోండి. జపాన్ కార్ట్రిడ్జి మీద ‘విష్ రూమ్’ అనే పేరుంటుంది.

ఇంత అవస్థ ఎందుకు, డిటెక్టివ్ గేము రుచి చూస్తే చాలనుకునేవాళ్లకి ఫీనిక్స్ రైట్ అనే లాయరు కథలున్నాయి. షూ టకూమి రాసిన ‘ఏస్ అటార్నీ’ వరస 2001లో జపాన్‌లో మొదలైంది. మొదటి మూడూ కలిపి ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. అందులో సాక్షి అబద్ధాన్ని పట్టుకుని కోర్టు దద్దరిల్లేలా ‘అబ్జెక్షన్’ అని అరవొచ్చు. మా అల్లుడికి అదే ఇష్టం. సరదాగా ఉంటుంది, నేనూ ఒక కేసు వాదించి గెలిచాను. అరుపులు నాకు ఎక్కలేదు, మానేశాను.

హోటల్ డస్క్ ఆడొచ్చు. రాత్రి గంటసేపు పుస్తకం చదివే అలవాటున్నవాళ్లు, ఎదుటి మనిషి సగం చెప్పి ఆగితే మిగతా సగం కోసం ఓపిక పట్టేవాళ్లు తప్పకుండా ఆడండి. బస్సులో పది నిమిషాల కాలక్షేపానికైతే వద్దు. డీఎస్ ఇంట్లో లేకపోతే దీని కోసమని కొనమని నేను చెప్పను, అటక మీద ఉంటే మాత్రం దించండి. మొదటి రెండు అధ్యాయాలూ ఓర్చుకోండి. చిక్కుకుపోతే ఎక్కడి నుంచో జవాబు చూసేయకండి, దాన్ని ఆడిన మనిషికి ఫోన్ చేయండి. మా అమ్మాయి 2008లో థీసిస్ పనిలో పడి దీన్ని ఆరో అధ్యాయంలో ఆపేసిందట. చివర ఏమైందో చెప్పమని ఇప్పుడు వారం వారం ఫోన్లో అడుగుతోంది. చెప్పలేదు. వచ్చే నెల ఇటు వస్తున్నవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు కార్ట్రిడ్జి పంపిస్తున్నాను.