బీటీ పత్తికీ పురుగెందుకు పడతాంది?

ఆదోని మార్కెట్ యార్డులో గానీ, పత్తికొండ బస్టాండు కాడ టీ అంగట్లో గానీ, కార్తీకం దాటినాక ఒకటే మాట వినపడతాంది. "బీటీ అని అంత దుడ్డు పెట్టి ఇత్తనం తెస్తిమి. కాయ పగలగొట్టి చూస్తే లోపల పురుగుండాది. ఇది కల్తీ ఇత్తనమే."

కల్తీ ఇత్తనాలు లేవని నేననను. కానీ సిసలైన బీటీ ఇత్తనం వేసిన చేన్లో కూడా గులాబీ పురుగు పడతాంది. దానికి కారణం ఇత్తనాల అంగట్లో లేదు, పురుగు పొట్టలో ఉండాది. ఇంకొంచెం లోపలికి పోతే, దాని జీన్లలో ఉండాది. ఈ సంగతిని శాస్త్రవేత్తలు పదేళ్ళ కిందటే అక్షరం అక్షరం చదివి రాసినారు. రాసింది ఇంగ్లీషులో కాబట్టి మన చేని గట్టు దాకా రాలేదు. అందుకే మన మాటల్లో రాస్తాండా.

బీటీ అంటే ఏంది?

బీటీ అనేది ఒక బ్యాక్టీరియా. మట్టిలో బతుకుతాది. పూర్తి పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఊరికే చచ్చిపోతాంటే, ఇషివాటా అనే శాస్త్రవేత్త కారణం వెతుకుతా దీన్ని పట్టుకున్నాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ అనే ఇంకొకాయన పిండికి పట్టే పురుగులో ఇదే బ్యాక్టీరియాను చూసి, తురింజియా అనే ఆ సీమ పేరు దానికి పెట్టినాడు.

ఈ బ్యాక్టీరియా ఒక ప్రొటీన్‌ను కలకండ పలుకు మాదిరి గట్టిగా తయారు చేసి పెట్టుకుంటాది. దాన్ని క్రై ప్రొటీన్ అంటారు. పురుగు దాన్ని తింటే, పొట్టలోని క్షారంలో ఆ పలుకు కరుగుతాది. కరిగిన ప్రొటీన్ పేగు గోడ మీద ఉండే ఒక తాళానికి తాళంచెవి మాదిరి సరిగ్గా అతుక్కుంటాది. అతుక్కున్న చోట పేగుకు బొక్కలు పడతాయి. పురుగు మేత మానేసి చస్తాది.

మరి మనిషికి? మన పొట్టలో ఉండేది ఆమ్లం, పురుగు పొట్టలో మాదిరి క్షారం కాదు. ఆ తాళం కూడా మన పేగులో లేదు. అందుకే అది పురుగుకు విషం, మనకు మామూలు ప్రొటీన్.

ఆ ప్రొటీన్‌ను తయారు చేసే జీన్‌ను బ్యాక్టీరియా నుంచి తీసి పత్తి మొక్కలో పెట్టినారు. 2002 మార్చిలో మన దేశం దానికి అనుమతి ఇచ్చింది. మొదట్లో క్రై1ఏసీ అనే ఒక్క జీనే ఉండేది. 2006లో క్రై2ఏబీ అనే రెండోదాన్ని కూడా కలిపి బోల్గార్డ్ 2 అని తెచ్చినారు. మనం ఇప్పుడు వేస్తాండేది శానామట్టుకు ఇదే.

తాళం మార్చిన పురుగు

2010లో మొదటి దెబ్బ బయటపడింది. గుజరాత్‌లో అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో ఒక్క జీన్ పత్తిని గులాబీ పురుగు తిని బతుకుతాందని కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత నాలుగైదేళ్ళకు రెండు జీన్ల పత్తి మీద కూడా బతకడం మొదలైంది. గుజరాత్ నుంచి మహారాష్ట్ర, తెలంగాణ, మన కర్నూలు నల్లరేగడి దాకా అదే కత.

పురుగు ఎట్ల బతికింది? మన దేశం చేలల్లో పట్టుకున్న పురుగుల జీన్లను మన శాస్త్రవేత్తలు, అమెరికా వాళ్ళు కలిసి చదివినారు. 2014లో ఆ పరిశోధన అచ్చయింది. నేను పైన చెప్పిన తాళం పేరు కాడ్హెరిన్. దాన్ని తయారు చేసే జీన్ మన పురుగుల్లో చెడిపోయి ఉండాది. అదీ ఒక రకంగా కాదు, బాగా చెడిపోయిన రూపాలే కొత్తగా 8 దొరికినాయి. తాళం మారిపోయింది కాబట్టి తాళంచెవి పట్టదు. పేగుకు బొక్క పడదు. పురుగు కడుపు నిండా తింటాది. 2018లో క్రై2ఏబీ సంగతి కూడా తేలింది. అది పట్టేది ఇంకో తాళానికి. దాని జీన్ కూడా అట్లనే చెడింది.

దీన్నెట్ల కనిపెట్టినారు? ఇక్కడే బయోఇన్ఫర్మాటిక్స్ అనే మాట వస్తాది. జీన్ అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి రాత. చచ్చే పురుగు రాతను, చావని పురుగు రాతను పక్కపక్కన పెట్టి, యాడ అక్షరం మారింది, యాడ ముక్క ఎగిరిపోయింది అని కంప్యూటర్‌తో చూస్తారు. పట్టాదారు పాసుపుస్తకం పాత కాపీ, కొత్త కాపీ పక్కన పెట్టుకుని సర్వే నంబర్లు సరిచూసుకుంటాం గదా, అదే పని. కాకపోతే ఇక్కడ వరసలు వేలూ లక్షలూ ఉంటాయి. బ్లాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1990 నుంచి ఈ పని చేస్తాంది. పైసా ఖర్చు లేదు. ఒక రాత ముక్క అందులో పెడితే, ప్రపంచంలో అట్లాంటి రాత ఏ ప్రాణిలో ఉందో వెతికి చూపిస్తాది. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఆలూరులో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

శనగపచ్చ పురుగు లొంగింది, ఇదెందుకు లొంగలేదు?

ఇది అసలైన ప్రశ్న. బీటీ రాకముందు పత్తిని ముంచింది ముఖ్యంగా శనగపచ్చ పురుగే. అది ఇప్పటికీ బీటీ పత్తిలో అంత బెడద కాలేదు. గులాబీ పురుగు మాత్రం తిరగబడింది. కారణం మన పంటల్లోనే ఉండాది.

ప్రతి జీన్ జతగా ఉంటాది. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాయన నుంచి వస్తాది. పురుగు బీటీని తట్టుకోవాలంటే జతలో రెండూ చెడినవే ఉండాల. ఒక్కటి మంచిదున్నా తాళం తయారవుతాది, పురుగు చస్తాది. చేన్లో లక్ష పురుగులు చచ్చి రెండు బతికినాయనుకో. ఆ రెండే జతకడితే పిల్లలన్నీ మొండివే పుడతాయి. అదే పక్కన బీటీ లేని చేను ఉండి, ఆడనుంచి మామూలు రెక్కల పురుగు వచ్చి జతకట్టిందనుకో. పుట్టే ప్రతి పిల్లకు ఒక చెడిన జీన్, ఒక మంచి జీన్ వస్తాయి. అవి బీటీ తింటే చస్తాయి.

శనగపచ్చ పురుగు శనగ తింటాది, కంది తింటాది, టమాటా తింటాది. కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు తట్టు శనగ, కంది చేలకు కొదవ లేదు. ఆ చేలల్లో మామూలు పురుగులు పుట్టి వచ్చి మొండి పురుగుల వంశాన్ని కలిపేస్తాంటాయి. మనకు తెలీకుండానే మన శనగ చేను బీటీ పత్తిని కాపాడుతాంది. గులాబీ పురుగు తిండి దాదాపు ఒక్క పత్తే. చుట్టూ ఉండేదంతా బీటీ పత్తి అయితే, ఇంక మామూలు పురుగు యాడ నుంచి రావాల?

అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు. చేను చుట్టూ అయిదు సాళ్ళు గానీ, అయిదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంత నాన్‌బీటీ వెయ్యాలని రూలు. శానామంది వెయ్యలేదు. రైతుది మొండితనం అంటారు గానీ నేనొప్పుకోను. రెండెకరాల వానాధారం రైతును అయిదో వంతు పురుగుకు వదలమంటే ఎట్ల వదుల్తాడు? ఎందుకు వదలాల్నో ఈ జతల లెక్క ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పినారా? అంగడాయన ప్యాకెట్ చేతిలో పెట్టె, డబ్బులు తీసుకునె. అంతే.

కాయ లోపల ఇంకో లెక్క

ఇది మన కష్టంతో ముడిపడిన లెక్క. మన కాడ అమ్మేది హైబ్రిడ్ ఇత్తనం. సీడ్ పత్తి చేలల్లో మన ఆడోళ్ళు, ఆడపిల్లలు పూలు గిల్లి, మగపూల పొడి అంటించి చేసేదే ఇది. ఆ తల్లీతండ్రుల్లో ఒక దాంట్లోనే బీటీ ఉంటే, పిల్ల మొక్కలో ప్రతి బీటీ జీన్ జతలో ఒకటే ఉంటాది. మొక్క ఆకులో, కొమ్మలో విషం ఉంటాది. కానీ ఆ మొక్క కాసిన కాయ లోపలి గింజలకు మళ్ళీ పంపకం జరుగుతాది. రెండు జీన్లు వేరువేరుగా పంచుకుంటే, 16 గింజల్లో 9కి రెండు విషాలూ వస్తాయి, 3కి మొదటిది, 3కి రెండోది, ఒకదానికి ఏదీ రాదు.

గులాబీ పురుగు తినేదేమో గింజనే. అంటే ఒకే కాయలో దానికి పూర్తి విషం గింజ, సగం విషం గింజ, విషం లేని గింజ అన్నీ దొరుకుతాయి. చిన్న డోసు ఇచ్చి పాఠం నేర్పినట్లే. అమెరికా, ఆస్ట్రేలియా రైతులు సూటి రకాలు వేస్తారు. వాళ్ళ కాయలో ప్రతి గింజలోనూ విషం ఉంటాది. మన దేశంలో మాత్రం దాదాపు అంతా హైబ్రిడ్డే. ఇత్తనం దాచుకుని మళ్ళీ వేసుకోలేం కాబట్టి అమ్మేవాళ్ళకు ఏటా గిరాకీ. పురుగుకూ అదే బాగుంది.

అమెరికాలో ఈ పురుగు ఏమైందో చూడండి. అరిజోనా రాష్ట్రంలో బీటీ పత్తి పక్కన నాన్‌బీటీ గట్టిగా వేయించినారు. తర్వాత రేడియేషన్‌తో పిల్లలు పుట్టకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి చేల మీద వదిలినారు. 2018లో పత్తి పండించే తమ ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ఆ ప్రభుత్వం ప్రకటించింది. అదే పురుగు, అదే జీన్. ఆడ పోయింది, ఈడ పెరిగింది. తేడా పురుగులో లేదు, ఊరంతా, రాష్ట్రమంతా కలిసి చేసిన పద్ధతిలో ఉండాది.

దెబ్బ చివరికి మనిషికే

బీటీ పనిచెయ్యకుంటే రైతు మళ్ళీ పంపు భుజానికెత్తుతాడు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్. ఇవన్నీ పురుగు నరాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ను కట్టేసి చంపుతాయి. బీటీ తాళం మనకు లేదని చెప్పినా గదా. ఈ ఎంజైమ్ మాత్రం మనకూ ఉండాది. పురుగు నరాన్ని కట్టేసేదే మన నరాన్నీ కట్టేస్తాది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చచ్చిపోయినారు.

"మా నాయన ముప్పై ఏండ్లుగా కొడతాండాడు, ఏం కాలేదు" అంటాంటారు. దీనికీ జీన్ల లెక్కుంది. మన ఒంట్లో పాన్1 అనే జీన్ ఒక ఎంజైమ్‌ను చేస్తాది. క్లోరిపైరిఫాస్ లాంటి మందు ఒంట్లో విషంగా మారినాక దాన్ని విరగ్గొట్టేదాంట్లో అదొకటి. ఆ జీన్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎంజైమ్ పని తీరు మారుతాది. పసిపిల్లల్లో అది శానా తక్కువ. కాబట్టి మీ నాయనకు ఏం కాలేదని మీకు, మీ ఇంట్లో బిడ్డకు ఏం కాదనుకోవద్దు. మందు కొట్టినాక చొంగ, చెమట, కళ్ళనీళ్ళు ఆగకుంటే, వాంతులైతే, రొమ్ము పట్టేస్తే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, 108కి ఫోన్ చెయ్యాల. మందు డబ్బా వెంట తీసుకుపోవాల. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ సరైన విరుగుడు తొందరగా ఇయ్యగలడు.

ఇప్పుడు చేసేదేంది?

ఒక్క రైతు ఒక్క చేన్లో చేస్తే చాలదు. రెక్కల పురుగుకు గట్టు తెలీదు. ఊరంతా చెయ్యాల్సినవి ఇవి.

తక్కువ కాలం పంట వేసి, జనవరికల్లా చేను ఖాళీ చెయ్యాల. నీళ్ళున్నాయని మార్చి దాకా లాగితే, ఆ నాలుగు క్వింటాళ్ళ కోసం వచ్చే ఏటి పురుగును మనమే సాకినట్లు. కట్టె పీకి గట్టున కుప్ప పెట్టొద్దు, మిగిలిపోయిన కాయల్లో పురుగు నిద్రపోతాంటాది. లింగాకర్షక బుట్టలు పెట్టి, ఒక బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగులు వరసగా మూడు రాత్రులు పడితేనే మందు సంగతి ఆలోచించాల. లేదా పదింటికి ఒక పువ్వు విచ్చుకోని గుడ్డిపువ్వు అయితే. ఆ బుట్ట లెక్కను ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేదానికి డిగ్రీ చదివే పిల్లోడు ఒకడు చాలు.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉండాది. నంద్యాలలో పత్తి పరిశోధన ఎప్పటినుంచో జరుగుతాంది, నరసింహ అనే పత్తి రకం ఆడ పుట్టిందే. కడపలో యోగి వేమన యూనివర్సిటీలో జెనెటిక్స్ విభాగమే ఉండాది. మన పురుగుల జీన్లను ఏటా మన కాడే చదివి, ఏ మండలంలో ఎంత మొండితనం ముదిరిందో ఇత్తనం కొనేముందే తెలుగులో చెప్పాల. తక్కువ కాలం సూటి రకాల బీటీ ఇత్తనం ప్రభుత్వ రేటుకు ఇయ్యాల.

బైపీసీ చదివే చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఒక మాట. నీట్‌లో సీటు రాలేదని చదువు ఆపొద్దు. ఈ పురుగు రాత చదివేవాళ్ళు, చదివింది వచ్చి గట్టు మీద చెప్పేవాళ్ళు మనకు శానా తక్కువ. పత్తి చేన్లో పెరిగిన బిడ్డకు సగం పాఠం ముందే తెలుసు.